విరిగిన కాలు, కొలిచిన బరువు

గుర్రం ముందుకాలి మధ్యలో మోకాలిలా కనిపించే కీలు నిజానికి మన మణికట్టుకు సాటి. దాని కింద ఉన్నది అరచేతి ఎముక ఒకటి, ఆ కింద ఒకే ఒక్క వేలు. మిగతా వేళ్ళు కోట్ల ఏళ్ళ పరిణామంలో అరిగిపోయి పుల్లల్లాంటి ఆనవాళ్ళుగా మిగిలాయి. ఆ ఒక్క వేలూ మన మధ్యవేలు. దాని గోరే గిట్ట. 450 నుంచి 500 కిలోల రేసుగుర్రం నాలుగు మధ్యవేళ్ళ గోళ్ళ మీద నిలబడుతుంది, వాటి మీదే గంటకు 60 కిలోమీటర్లు దాటి దౌడు తీస్తుంది. దౌడులో ప్రతి అంగకూ ఒక క్షణం ఒంటి బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది. అప్పుడు ఆ కాలు మోసేది శరీరం బరువుకు దాదాపు రెండున్నర రెట్లు. సెకనుకు రెండుసార్లకు పైగా ఈ దెబ్బ తగులుతూనే ఉంటుంది.

మణికట్టు కింద కండ లేదు. కాలి చివర తేలిగ్గా ఉంటేనే దాన్ని వేగంగా ముందుకు విసరడం కుదురుతుంది కాబట్టి కండలన్నీ పైనే ఉండిపోయి, కిందికి తాళ్ళు మాత్రం దిగాయి. కొయ్యబొమ్మను పైనుంచి తాళ్ళతో ఆడించినట్టు ఆ కండలు కాలిని ఆడిస్తాయి. ఆ తాళ్ళే టెండన్లు. వేగానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు, వైద్యానికి ఇంతకన్నా చెడ్డ ఏర్పాటూ లేదు. విరిగిన ఎముకకు చుట్టూ కండ ఉంటే రక్తం బాగా అందుతుంది, ముక్కలు చెదరకుండా కాస్త ఆసరా దొరుకుతుంది. ఇక్కడ ఎముక మీద ఉన్నది చర్మం ఒక్కటే. విరిగిన మొన దాన్ని చీల్చుకుని బయటికొచ్చిందంటే మైదానంలోని మట్టి నేరుగా ఎముకకే అంటుతుంది.

అరచేతి ఎముకను గుర్రాలవాళ్ళు కానన్ ఎముక అంటారు. అది వేలితో కలిసే చోటు ఫెట్‌లాక్ కీలు. దౌడులో ఈ కీలు దాదాపు నేలను తాకేంతగా కిందికి దిగి, స్ప్రింగులా పైకి లేస్తుంది. కీలు వెనక రెండు చిన్న ఎముకలు బావి గిలకలా పనిచేస్తూ తాళ్ళను దారిలో ఉంచుతాయి. వాటిని సెసమాయిడ్లు అంటారు. నువ్వుగింజను చూసి పెట్టిన పేరది. గుర్రంలో మాత్రం ఒక్కొక్కటి ఉసిరికాయంత ఉంటుంది. పందేల్లో ప్రాణం మీదికి తెచ్చే విరుగుళ్ళలో ఎక్కువ భాగం ఈ కీలు చుట్టుపక్కలే జరుగుతాయి.

మనిషికి కాలు విరిగితే మంచం ఉంది. గుర్రానికి మంచం లేదు. రోజుల తరబడి పక్కకు ఒరిగి పడుకుంటే సొంత బరువుకే దాని కండలు నలుగుతాయి, కింది ఊపిరితిత్తి అణగిపోతుంది. నిలబడే కునుకు తీయగలదు; గాఢనిద్రకు మాత్రం రోజుకు కొద్దిసేపు పడుకుని తీరాలి, మళ్ళీ తనంతట తాను లేవాలి. నడుముకు పట్టాలు కట్టి పైకప్పు నుంచి వేలాడదీసే ఏర్పాటు ఉంది కానీ దాన్ని ఓర్చుకునే గుర్రాలు తక్కువ. పైగా పుట్టుకతోనే అది పారిపోయే జంతువు. నొప్పి పుడితే కదలకుండా ఉండదు, పరుగు తీస్తుంది. కాబట్టి గుర్రం కాలికి చేసే ఏ చికిత్స అయినా మొదటి రోజు నుంచే బరువు మోసేలా ఉండాలి. అశ్వవైద్యంలో అడుగడుగునా ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఏ కాలి మీద, ఎప్పుడు, ఎంత బరువు?

మొదటి పావుగంట విలువ ఎక్కువ. మైదానంలోనే కాలిని గిట్ట నుంచి పైదాకా చెక్కబద్దలాంటి పట్టీలో బిగించి, ఫెట్‌లాక్ వంగకుండా నిలబెడతారు. దానివల్ల విరిగిన ముక్కలు ఒకదాన్నొకటి రాసుకోవు, రక్తనాళాలు తెగవు, గుర్రానికీ కాలు తన అదుపులో ఉన్నట్టు అనిపించి గాభరా తగ్గుతుంది. ఎక్స్‌రే తీసేది ఆ తర్వాతే. రక్తనాళాలు తెగిపోయినా, ఎముక నుగ్గయి బయటికి వచ్చినా, పైకాలి ఎముక పూర్తిగా విరిగినా చాలాసార్లు అక్కడితో కథ ముగుస్తుంది. గుర్రాన్ని చంపేశారని చదివిన పాఠకుడికి అది క్రూరత్వంలా తోస్తుంది. ఆ స్థితిలో దాన్ని బతికించబోవడమే ఎక్కువ క్రూరమని వైద్యులు ఎక్కువమంది అంటారు. వారి మాట కాదనడం కష్టం.

బతికించడానికి మనిషి చేయగలిగినదంతా చేస్తే ఏమవుతుందో బార్బరో ఉదంతం చూపింది. 2006 మే 6న కెంటకీ డెర్బీ గెలిచిన ఆ గుర్రం మే 20న బాల్టిమోర్‌లోని పిమ్లికో మైదానంలో ప్రీక్‌నెస్ స్టేక్స్‌కు దిగింది. గేటు తెరవకముందే తోసుకుని బయటికొచ్చేసింది. వెనక్కి తెచ్చి నిలబెట్టారు. పందెం మొదలైన కాసేపటికే కుడి వెనక కాలు విరిగి, జాకీ ఎడ్గార్ ప్రాడో దాన్ని ఆపేశాడు. కానన్ ఎముక అడుగున చీలింది, సెసమాయిడ్ విరిగింది, వేలి మొదటి ఎముక ఇరవైకి పైగా ముక్కలైంది. మర్నాడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ సెంటర్‌లో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ బృందం గంటల తరబడి శస్త్రచికిత్స చేసి, ఒక లోహపు పలకను 27 స్క్రూలతో బిగించి, ఫెట్‌లాక్ ఇక ఎప్పటికీ వంగకుండా కీలునే అతికించేసింది. మళ్ళీ పరుగెత్తించాలన్న ఆశ ఎవరికీ లేదు. నడిస్తే చాలు.

ఇలాంటి శస్త్రచికిత్సలో అసలు గండం మత్తు దిగేటప్పుడు. 1975 జులై 6న న్యూయార్క్‌లోని బెల్మాంట్ పార్క్‌లో ఫూలిష్ ప్లెజర్‌తో జోడీ పందెంలో రఫియన్ అనే ఆడగుర్రం ముందుకాలి సెసమాయిడ్లు రెండూ విరిగాయి. రాత్రికి రాత్రే శస్త్రచికిత్స చేశారు. తెలివి వస్తూ వస్తూనే అది పడుకున్నచోటే పందెంలో ఉన్నట్టు కాళ్ళు ఆడించింది. వేసిన కట్టు పగిలింది, కాలు మళ్ళీ విరిగింది, తెల్లవారకముందే దానికి శాశ్వత నిద్ర ఇచ్చేశారు. అందుకే న్యూ బోల్టన్‌లో గుర్రాన్ని మత్తులో ఉండగానే క్రేన్‌తో ఎత్తి, నాలుగు కాళ్ళకు నాలుగు తొడుగులున్న రబ్బరు తెప్పలో పెట్టి, గోరువెచ్చని నీళ్ళ కొలనులో దించుతారు. మెలకువ వచ్చి కాళ్ళు ఆడించినా నీటికే తగులుతాయి. బార్బరో ఆ గండం దాటింది.

దాన్ని చంపింది విరిగిన కాలు కాదు. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచేవి వేలాది సన్నని రేకులు. రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించినట్టుంటుంది ఆ పట్టు. కాలు మోపినప్పుడు, ఎత్తినప్పుడు ఆ రేకుల్లోకి రక్తం వస్తూ పోతూ ఉంటుంది. విరిగిన కాలు నొప్పి పెడుతుంటే గుర్రం రోజుల తరబడి ఎదుటి కాలి మీదే నిలబడుతుంది. ఎప్పుడూ మోపి ఉన్న ఆ కాలిలో రక్తం ఆడదు, రేకులు ఆకలితో చస్తాయి, ఎముక గోడ నుంచి విడిపోయి కిందికి జారుతుంది. ఇదే లామినైటిస్. జులైలో బార్బరో ఎడమ వెనక గిట్టకు అది వచ్చింది. గిట్ట గోడలో 80 శాతం తీసేయాల్సి వచ్చింది. కుడికాలి ఎముక చాలావరకు అతుక్కున్నాక కూడా తెరిపి దొరకలేదు. జనవరిలో కుడికాలికి కొత్త చిక్కులు, ఆ వెంటనే ముందుకాళ్ళకూ లామినైటిస్. నిలబడడానికి ఒక్క మంచి కాలు లేకుండా పోయింది. 2007 జనవరి 29న దాన్ని వదులుకున్నారు. ఎనిమిది నెలల పోరాటం అది. ఆ తర్వాత లామినైటిస్ పరిశోధనకు విరాళాలు వెల్లువెత్తాయి. మంచి కాలిని వంతులవారీగా ఎత్తించడం, దాని గిట్ట కింద మెత్తని ఆసరా కట్టడం, నొప్పి మందు ధారాళంగా ఇచ్చి విరిగిన కాలిని కూడా త్వరగా మోపించడం ఇవాళ మొదటి రోజు నుంచే చేసే పనులు.

కాలు విరిగిన గుర్రాన్ని బతికించడం ఎంత కష్టమో మన దేశంలోనూ కళ్ళారా చూశారు. 2016 మార్చిలో డెహ్రాడూన్‌లో ఒక నిరసన ప్రదర్శన గొడవలో ఉత్తరాఖండ్ పోలీసు గుర్రం శక్తిమాన్ వెనక కాలు విరిగింది. కాలు కింది భాగం తీసేసి కృత్రిమ కాలు అమర్చారు. ఏప్రిల్ 20న అది చనిపోయింది.

అన్ని విరుగుళ్ళూ ఇంత భయంకరం కావు. కానన్ ఎముక అడుగున, కీలు లోపలి నుంచి నిలువుగా పైకి పాకే పగులు రేసుగుర్రాల్లో మామూలు. ముక్క చోటు తప్పకపోతే రెండు మూడు స్క్రూలు చాలు. ఇవతలి ముక్కలో వదులుగా దూరి, అవతలి ముక్కలో మాత్రమే మరలు పట్టేలా స్క్రూను ఎక్కిస్తారు. బిగించేకొద్దీ పగులు మూసుకుంటుంది. నడుమ సందు లేకుండా నొక్కిన ఎముక బాగా అతుకుతుంది. ఈ మధ్య చాలా ఆసుపత్రుల్లో పూర్తి మత్తు ఇవ్వకుండా, జోకొట్టే మందుతో పాటు కాలికి తిమ్మిరి సూది ఇచ్చి గుర్రాన్ని నిలబెట్టే ఈ పని ముగిస్తున్నారు. మత్తు దిగే గండమే లేదు. ఇలాంటి గుర్రాల్లో ఎక్కువ భాగం మళ్ళీ పందెంలో దిగుతాయి.

టెండన్ సంగతి వేరు. అక్కడ ప్రాణభయం తక్కువ, ఓపిక పరీక్ష ఎక్కువ. ముందుకాలి వెనక చర్మానికి దగ్గరగా దిగే టెండన్ దౌడులో తన పొడవులో 10 నుంచి 16 శాతం దాకా సాగుతుంది. ఇంకొంచెం సాగితే తెగుతుంది. రబ్బరుతాడులా సాగి ముడుచుకునే ఈ పనిలో పుట్టే వేడికి దాని నడిమధ్య ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌దాకా చేరినట్టు కొలిచారు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా నలిగిన పోగులు ఏదో ఒక రోజు ఒక్కసారిగా తెగుతాయి. కాలి వెనక భాగం విల్లులా ఉబ్బుతుంది. అల్ట్రాసౌండ్‌లో ఆరోగ్యంగా ఉన్న టెండన్ అడ్డుకోత తెల్లని చుక్కలు దట్టంగా నిండిన గుండ్రంలా కనిపిస్తుంది; తెగినచోట నడుమ నల్లటి రంధ్రం. మొదటి రోజుల్లో ఆ రంధ్రం పెరుగుతూ పోతుంది కాబట్టి వారం ఆగి తీసిన బొమ్మనే లెక్కలోకి తీసుకుంటారు.

ఆ రంధ్రం పూడుతుంది. పూడ్చే పదార్థమే నాసిరకం. మొదట పుట్టే పోగులు అడ్డదిడ్డంగా, చిక్కుపడిన దారపుండలా ఉంటాయి. వాటిని కాలి పొడవునా వరుసలో పేర్చేది మందు కాదు, బరువే. కాబట్టి మంచుకట్టు, బిగుతు పట్టీలతో వాపు తగ్గగానే నడక మొదలవుతుంది. మామూలుగా మూడో వారంలో చేతిపట్టున రోజుకు 10 నిమిషాల నడక. వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుతూ పదో వారానికి ముప్పావుగంట. నాలుగో నెలలో 5 నిమిషాల చిన్న పరుగుతో మొదలై, ప్రతి మెట్టు దగ్గరా అల్ట్రాసౌండ్ చూసి ముందుకు వెళ్ళాలి. దౌడు మాట ఆరేడు నెలల తర్వాతే. పందేనికి 9 నుంచి 12 నెలలు, ఒక్కోసారి ఏడాదిన్నర. మలక్‌పేట రేస్‌కోర్సు లెక్కలో చెప్పాలంటే, వానాకాలం సీజన్‌లో టెండన్ తెగిన గుర్రం ఆ శీతాకాలం సీజన్ మీద ఆశ వదులుకోవాలి. తిరిగి వచ్చేది మరుసటి ఏడాదే.

ఇంతా చేసి తిరిగొచ్చిన గుర్రాల్లో దాదాపు సగం మళ్ళీ అదే టెండన్ తెంచుకునేవి. ఎముక మజ్జ నుంచి మూలకణాలు తీసి, పెంచి, ఆ నల్లటి రంధ్రంలోకే ఎక్కించే పద్ధతి ఇంగ్లండ్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీలో రూపుదిద్దుకుంది. 2012లో వెలువడిన ఫలితాల్లో మళ్ళీ తెగినవి నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. ఆశ కలిగించే అంకె. అయితే పోల్చింది పాత లెక్కలతోనే కానీ, అదే సమయంలో సూది లేకుండా ఉంచిన గుర్రాలతో కాదు. ఈ చికిత్స పొందిన గుర్రాలకూ ఇలాంటి నడక క్రమమే పెట్టారన్నదీ మరిచిపోకూడదు.

నడక నిమిషాలు లెక్కపెట్టే ఈ పనికి కాపలాదారు, గుర్రాన్ని చూసుకునే సైసు. తెల్లవారుజామున లాయంలోకి వెళ్ళి ముందు కాళ్ళు చూస్తాడు. అరచేయి వెనక్కి తిప్పి ఆ వైపుతో కాలి వెనక తడుముతాడు, వేడి అక్కడే బాగా తెలుస్తుంది కాబట్టి. తర్వాత గిట్టను ఎత్తి, బరువు లేని టెండన్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పైనుంచి ఫెట్‌లాక్ దాకా అంగుళం అంగుళం నొక్కుకుంటూ దిగుతాడు. ఎక్కడో ఒకచోట గుర్రం చెవులు వెనక్కి పడతాయి, లేదా కాలు విసురుతుంది. రెండో కాలితో పోల్చి చూస్తాడు. చివరికి ఫెట్‌లాక్ పక్కన వేలు ఆనించి నాడి చూస్తాడు. అక్కడ నాడి టకటకా కొట్టుకుంటే గిట్టలో మంట రాజుకుంటున్నట్టే. ఇదంతా రెండు నిమిషాల పని. కోట్ల రూపాయల యంత్రం చూపే సంగతిని ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే ఈ వేళ్ళు చెబుతాయి.

తిండి సంగతి చిన్నదే అయినా దెబ్బతీస్తుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. లాయంలో నిలబెట్టిన గుర్రానికి మాత్రం తక్కువే ఉండాలి. పరుగు మానిన గుర్రానికి పందెం రోజుల్లోలాగే ఓట్స్, ఉలవలు పెడితే కడుపునొప్పి, కండరాలు బిగుసుకుపోవడం, ఒక్కోసారి లామినైటిస్ కూడా. గడ్డి ఎక్కువ, గింజ తక్కువ. మేతలోనే పొద్దుపోతే ఒంటరితనపు విసుగూ తగ్గుతుంది. తోడుగా లాయంలో మేకను కట్టేవాళ్ళూ ఉన్నారు.

విశ్రాంతికి ఇంకో ముఖం ఉంది. ఎముక మోసే బరువును బట్టి తనను తాను కట్టుకుంటుంది. బరువు తగ్గితే ఉన్నది కరిగించుకుంటుంది. పాత ఎముకను తవ్వే కణాలకు వారాలు చాలు. కొత్తది పోసే కణాలకు నెలలు కావాలి. మున్సిపాలిటీ రోడ్డు పనిలాగే, తవ్వకానికీ పూడ్చడానికీ మధ్య గొయ్యి అలా ఉండిపోతుంది. విశ్రాంతి ముగించుకుని తిరిగొచ్చిన గుర్రానికి ఊపిరి, కండ ముందుగా కోలుకుంటాయి. గుర్రం హుషారుగా ఉంటుంది, ఎముక సిద్ధంగా ఉండదు. కాలిఫోర్నియాలో 1991–94 మధ్య విరుగుళ్ళను పరిశీలించిన పరిశోధకులు రెండు నెలలకు పైగా వేగపు సాధన మాని తిరిగొచ్చిన గుర్రాలకు భుజం కింది పెద్ద ఎముక విరిగే ముప్పు ఎక్కువని 1998లో తేల్చారు. ఒక గాయం మానడానికి ఇచ్చిన సెలవు మరో ఎముకకు గండమైంది.

ఈత కొలనును చూడాల్సింది ఈ లెక్కతోనే. ఈదే గుర్రం గుండె దౌడులోలా కొట్టుకుంటుంది, కాళ్ళకు బరువే ఉండదు. ఊపిరి నిలబెట్టడానికి మంచిదే కానీ కొలను నుంచి నేరుగా దౌడుకు తెస్తే పైన చెప్పిన ప్రమాదాన్ని చేజేతులా తెచ్చుకున్నట్టు. నీళ్ళ ట్రెడ్‌మిల్ ఇంతకన్నా తెలివైన సాధనం. గాజు గోడల గదిలో పట్టా కదులుతుంటే గుర్రం నీళ్ళలో నడుస్తుంది. నీటిమట్టం పెంచితే కాళ్ళ మీద బరువు తగ్గుతుంది, వారం వారం తగ్గిస్తూ పోతే బరువు పెరుగుతుంది. ఇక లేజర్లు, అయస్కాంతపు దుప్పట్లు, కంపించే పలకలు, ఆక్సిజన్ గదులు. వీటివల్ల యజమానికి ఏదో చేస్తున్నామన్న తృప్తి కలుగుతుంది. గుర్రానికి ఒరిగేది ఎంతో చెప్పే గట్టి ఆధారం తక్కువ. షాక్‌వేవ్ చికిత్స నొప్పిని కొన్ని రోజులు మొద్దుబారుస్తుంది. నొప్పి తెలియని గుర్రం పగిలిన కాలితోనే పరుగెత్తుతుంది. పందేనికి ముందు దాన్ని నిషేధించింది అందుకే.

విరగబోయే ఎముకను ముందే పట్టుకోవడం వీటన్నిటికన్నా చవక. కాలిఫోర్నియాలో 1990 నుంచి మైదానంలో చనిపోయిన ప్రతి గుర్రానికీ శవపరీక్ష చేస్తున్నారు. విరిగినచోట చాలావాటిలో అంతకుముందే పాత నలుగుడు కనిపించింది. దాన్ని బతికుండగానే చూడడానికి, గుర్రం నిలబడి ఉండగానే కాలి బొమ్మ తీసే పెట్ (PET) స్కానర్‌ను 2019 చివర్లో శాంటా అనిటా మైదానంలో పెట్టారు.

కోలుకోవడం అంటే ఏమిటన్నది గుర్రాన్ని బట్టి మారుతుంది. విత్తు కొట్టిన గుర్రానికి కాలు తీవ్రంగా విరిగితే, పందెంలో దిగదు, సంతానం ఇవ్వదు కాబట్టి, అంత ఖర్చు పెట్టేవారు అరుదు. పేరున్న మగగుర్రానికైతే లెక్క వేరు. ఇది చేదు నిజం. 1971లో ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డెర్బీని, ఫ్రాన్స్‌లో ఆర్క్ పందేన్ని గెలిచిన మిల్ రీఫ్ 1972 ఆగస్టు 30న కింగ్స్‌క్లియర్‌లో సాధన చేస్తూ ఎడమ ముందుకాలు విరగ్గొట్టుకుంది. అక్కడే శస్త్రచికిత్స చేసి పలక, స్క్రూలు వేసి, కాలికి పిండికట్టు కట్టారు. దాని అదృష్టం స్వభావంలో ఉంది: మత్తు దిగినప్పుడు తన్నుకోలేదు, కట్టుతో వారాల తరబడి నెమ్మదిగా నిలబడింది. మళ్ళీ ఎన్నడూ పందెంలో పరుగెత్తలేదు. న్యూమార్కెట్‌లోని నేషనల్ స్టడ్‌కు వెళ్ళి 1986 దాకా బతికింది. దాని కొడుకు షర్లీ హైట్స్ 1978లో, మనవడు స్లిప్ యాంకర్ 1985లో అదే ఎప్సమ్ డెర్బీ గెలిచాయి.